ఊపిరితిత్తిలో మచ్చ కనపడిందా? భయపడొద్దు, మర్చిపోవద్దు

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ లబ్ధిదారుల అవగాహన సమావేశం, ఉప్పలగుప్తం
జిల్లా సమాచార అధికారి ప్రసంగ పాఠం



రొయ్యల చెరువుల దగ్గర పని వదిలేసి కొందరు, కొబ్బరికాయల వలుపు మానుకుని కొందరు వచ్చారు. పూట కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లకి ఆ కూలికి తగ్గ మాటైనా చెప్పాలి కదండీ. అందుకని ఇవాళ పథకాలన్నీ ఏకరువు పెట్టను. ఒకే ఒక్క సంగతి చెబుతాను. ఛాతీకి స్కాన్ తీయించుకున్నప్పుడు రిపోర్టులో "నాడ్యూల్" అనే మాట వస్తే ఏం చేయాలి, ఏం చేయకూడదు, దానికి మన పథకం ఎంతవరకు పనికొస్తుంది.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు. సమాచార శాఖలో పనిచేసేవాణ్ణి. ఇక్కడ చెప్పేది వైద్యం కాదు, వైద్యుడి దగ్గర మీరు అడగాల్సిన ప్రశ్నలు. మందు, స్కాన్, గడువు నిర్ణయించేది మీ డాక్టరే.

రెండు ఇళ్లలో జరిగింది

ఒక సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట ఒక చెల్లెలు కనపడింది. కువైట్ వెళ్లడానికి మెడికల్‌కి వెళ్తే ఎక్స్‌రేలో మచ్చ ఉందని "అన్‌ఫిట్" అన్నారట. వీసా పోయింది. ఆ బాధలో ఉండగా మధ్యవర్తి ఒకడు "అది క్యాన్సర్ అయి ఉంటుంది, నాకు తెలిసినచోట ఇంజెక్షన్లు చేయిస్తే మచ్చ పోతుంది" అన్నాడట. మెడలో గొలుసు తాకట్టు పెట్టి డబ్బు ఇచ్చింది. మూడు నెలలు తిరిగింది. మచ్చ పోలేదు. చివరికి ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లి సీటీ స్కాన్ తీయించుకుంటే, అది సున్నం పట్టిపోయిన పాత మచ్చ. చిన్నప్పుడు వాళ్ల నాన్నగారికి టీబీ ఉండేదట. ఆ క్రిమి ఈ అమ్మాయి ఊపిరితిత్తిలోకీ వెళ్లింది, ఒళ్లు దాన్ని అక్కడే కట్టడి చేసి గోడ కట్టేసింది. ఆ గోడే ఈ మచ్చ. "దీనికి మందు అక్కర్లేదమ్మా, ఇంటికి వెళ్లు" అన్నారు డాక్టరు. గొలుసు మాత్రం ఇంటికి రాలేదు.

రెండోది మా ఇంట్లోదే. చెప్పడానికి కష్టంగానే ఉంటుంది, అయినా చెప్పాలి. మా మావయ్య బండి మీద నుంచి పడ్డాడు. పక్కటెముకలు విరిగాయేమోనని స్కాన్ తీశారు. రిపోర్టు నాకు ఫోన్‌లో పంపాడు. "నువ్వు చదువుకున్నవాడివి, చూసి చెప్పరా" అన్నాడు. నేను చూశాను. ఎముకలు విరగలేదన్న వాక్యం వరకే చూశాను. "ఏం లేదు మావయ్యా, బాగానే ఉంది" అన్నాను. ఆ కాగితం కింద చివరి రెండు వరుసల్లో, కుడి ఊపిరితిత్తి పైభాగంలో 9 మిల్లీమీటర్ల నాడ్యూల్ ఉందని, 3 నెలల తరవాత మళ్లీ చూడాలని రాసి ఉంది. మావయ్య ముప్ఫై ఏళ్లు చుట్ట కాల్చిన మనిషి. రెండేళ్లకి దగ్గు, ఆయాసం వచ్చి, బరువు తగ్గి ఆసుపత్రికి వెళ్తే ఆ మచ్చ 34 మిల్లీమీటర్ల గడ్డ అయింది. పక్కన గ్రంథులకీ పాకింది. ఆపరేషన్‌కి సమయం దాటిపోయిందన్నారు. మందులు పథకం కిందే ఇచ్చారు, ఆ విషయంలో లోటు లేదు. కానీ మావయ్య దక్కలేదు.

ఒక ఇంట్లో భయపడి నష్టపోయారు. ఒక ఇంట్లో పట్టించుకోక నష్టపోయాం. రెండు రిపోర్టుల్లోనూ మాట ఒకటే. మీకు అలాంటి కాగితం వస్తే ఈ రెండు దారుల్లో దేనిలోనూ పడకూడదనే ఇవాళ ఈ సమావేశం.

మచ్చ అంటే ఏమిటి?

ఊపిరితిత్తిలో గాలి ఉంటుంది కాబట్టి ఎక్స్‌రేలో, స్కాన్‌లో నల్లగా కనపడుతుంది. అందులో గుండ్రంగా, తెల్లగా చిన్న గింజలాగా ఏదైనా కనపడితే దాన్ని నాడ్యూల్ అంటారు. మనం వాడుకలో మచ్చ అంటాం. కొలత 30 మిల్లీమీటర్లు, అంటే 3 సెంటీమీటర్ల వరకు నాడ్యూల్. అది దాటితే "మాస్" అని రాస్తారు, అంటే గడ్డ. గడ్డ అని రాస్తే ఎదురుచూడటం లేదండి, వెంటనే పరీక్షలు చేయించాలి.

మామూలు ఎక్స్‌రేలో చిన్నవి సాధారణంగా దొరకవు. సీటీ స్కాన్ కందిగింజంత దాన్ని, ఇంకా చిన్నదాన్ని కూడా పట్టేస్తుంది. కోవిడ్ రోజుల్లో ఎంతమంది ఛాతీ స్కాన్లు తీయించుకున్నామో మీకు తెలుసు. అప్పుడు జబ్బు ఒకటి కోసం వెతికితే మచ్చ ఒకటి బయటపడినవాళ్లు ఉన్నారు. ప్రమాదం జరిగి, గుండెనొప్పి అని, ఆపరేషన్‌కి ముందు పరీక్షలని స్కాన్ తీసినప్పుడూ ఇలాగే బయటపడుతుంది. మనం వెతకని చోట దొరికింది కాబట్టి మనం చూడని వరుసలో ఉండిపోతుంది. మా మావయ్య విషయంలో జరిగింది అదే.

మరి ఇవన్నీ క్యాన్సరేనా? కాదు. చాలా భాగం కాదు. అమెరికాలో బాగా సిగరెట్లు కాల్చే 53 వేలమందికి పైగా జనాన్ని తీసుకుని పెద్ద పరిశీలన చేశారు, ఫలితాలు 2011లో వచ్చాయి. సీటీ స్కాన్ తీసినప్పుడు దాదాపు నాలుగో వంతు స్కాన్లలో అనుమానించే మచ్చ ఏదో ఒకటి కనపడింది. అలా కనపడినవాటిలో 96 శాతం చివరికి క్యాన్సర్ కాదని తేలింది. పొగతాగేవాళ్లలోనే లెక్క ఇలా ఉంది. అదే పరిశీలనలో రెండో సంగతి కూడా తేలింది. స్కాన్‌తో ముందుగా కనిపెట్టినందువల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయి. మొదటి లెక్క భయపడొద్దంటోంది. రెండో లెక్క వదిలేయొద్దంటోంది.

మనవాళ్లలో పాత మచ్చలు ఎందుకు ఎక్కువ?

టీబీ వల్ల. ప్రపంచంలో టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నాయి. 2019 నుంచి 2021 వరకు దేశమంతా చేసిన సర్వేలో 15 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 31 శాతం మంది ఒంట్లోకి టీబీ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు చేరిందని తేలింది. వాళ్లందరికీ జబ్బు ఉందని కాదు. చాలామందిలో ఒళ్లే దాన్ని అణిచిపెట్టేస్తుంది. అణిచిపెట్టిన చోట గుర్తు మిగులుతుంది. రిపోర్టులో "గ్రాన్యులోమా", "కాల్సిఫైడ్" అన్న మాటలు ఉంటే ఎక్కువగా ఇదే అర్థం. మచ్చ మధ్యలోనో, మొత్తంగానో సున్నం పట్టి ఉంటే అది మానిపోయిన గాయం కింద లెక్క.

ఇక్కడ గల్ఫ్ వెళ్లేవాళ్లకి ఒక మాట. మన కోనసీమలో మస్కట్, కువైట్, దుబాయ్ పేరు తెలియని వీధి లేదు. ఆ దేశాల వీసాకి ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. మానిపోయిన పాత టీబీ మచ్చ ఉన్నా "అన్‌ఫిట్" అనే అవకాశం ఉంది. అది ఆ దేశం పెట్టుకున్న నిబంధన. మీకు ఫలానా జబ్బు ఉందని చెప్పినట్టు కాదు. ఆ కాగితం పట్టుకుని ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఏజెంటు దగ్గరికి కాదు. పాత మచ్చను కరిగించే ఇంజెక్షన్ ఎక్కడా లేదు. ఎవరైనా ఉందంటే అబద్ధం.

టీబీ గురించే ఇంకో జాగ్రత్త. మచ్చ కనపడగానే "మన దగ్గర టీబీయే కదా" అని పరీక్ష లేకుండా మందులు మొదలుపెట్టకూడదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌ని టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులు వాడి, ఆలస్యంగా పెద్దాసుపత్రికి చేరేవాళ్లు మన దేశంలో చాలామంది ఉన్నారు. రెండు జబ్బులకీ దగ్గు, బరువు తగ్గటం, గళ్లలో రక్తం ఒకేలా ఉంటాయి. అందుకే గళ్ల పరీక్ష చేయించండి. అందులో టీబీ తేలితే మందులు ఉచితం. చికిత్స నడిచినన్నాళ్లూ పోషకాహారం కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2024 నవంబరు నుంచి ఈ మొత్తం 500 నుంచి 1000 అయింది. గళ్లలో టీబీ తేలకపోయినా మందులు వాడమంటే, "ఏ పరీక్షలో తేలిందండీ? ఎన్నాళ్లకి మళ్లీ స్కాన్ చూస్తారు?" అని అడగండి. అడగటం అమర్యాద కాదు.

అల్పపీడనం లెక్క

మచ్చను డాక్టర్లు ఎలా గమనిస్తారో ఉప్పలగుప్తం వాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. సముద్రం పక్కన ఉన్నవాళ్లం. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని రేడియోలో చెబుతారు. ఆ మాట వినగానే ఇల్లు ఖాళీ చేసి పోతామా? పోం. ఎక్కువ భాగం అల్పపీడనాలు అక్కడే బలహీనపడిపోతాయి. అలాగని రేడియో కట్టేసి పడుకుంటామా? 1996 నవంబరు 6 రాత్రి చూసినవాళ్లు ఎవరూ పడుకోరు. తరవాత బులెటిన్ కోసం చూస్తాం. వాయుగుండం అయిందా, తీవ్ర వాయుగుండం అయిందా, ఎటు కదులుతోంది అని చూస్తాం. ఒక్క బులెటిన్‌తో ఏదీ తేలదు. రెండు బులెటిన్లు పక్కపక్కన పెడితే తేలుతుంది.

మచ్చా అంతే. మొదటి స్కాన్ మొదటి బులెటిన్. రెండో స్కాన్‌లో అది పెరిగిందా, అలాగే ఉందా, తగ్గిందా అన్నదే అసలు సంగతి. నిమ్ము వల్ల వచ్చినదైతే కొన్ని వారాల్లో కరిగిపోతుంది. పాత గుర్తు అయితే అలాగే ఉంటుంది. క్యాన్సర్ అయితే సాధారణంగా పెరుగుతుంది. గట్టి రకం మచ్చ క్యాన్సర్ అయినప్పుడు ఎక్కువగా 100 నుంచి 400 రోజుల్లో రెట్టింపవుతుంది. అందుకే డాక్టర్లు వారానికో స్కాన్ అనరు, నెలల గడువు ఇస్తారు. ఆ గడువు నిర్లక్ష్యం కాదు. పెరిగితే కంటికి కనపడేంత తేడా రావడానికి పట్టే కాలం.

రెట్టింపు అంటే 8 మిల్లీమీటర్లది 16 కావటం అనుకోకండి. గుండ్రని వస్తువు అన్ని వైపులా పెరుగుతుంది కదా. అడ్డం కొలత 8 నుంచి 10 అయితే చాలు, లోపలి పరిమాణం రెట్టింపయినట్టే. కాబట్టి "రెండు మిల్లీమీటర్లే కదా పెరిగింది" అని ఇంట్లో మనమే తీర్పు చెప్పకూడదు.

ఎంత కొలతకి ఎంత గడువు?

ప్రపంచంలో చాలామంది డాక్టర్లు పాటించే ఒక పద్ధతి ఉంది. ఫ్లైష్నర్ సొసైటీ అనే ఛాతీ స్కాన్ నిపుణుల సంఘం 2017లో సవరించింది. 35 ఏళ్లు దాటి, అంతకుముందు క్యాన్సర్ లేనివాళ్లకి, రోగనిరోధక శక్తి మామూలుగా ఉన్నవాళ్లకి ఇది వర్తిస్తుంది. క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లకి, హెచ్ఐవీ ఉన్నవాళ్లకి, కిడ్నీ మార్పిడి అయి మందులు వాడేవాళ్లకి డాక్టరు వేరే లెక్క చెబుతారు.

గట్టి మచ్చ ఒక్కటే ఉంటే ఇలా చూస్తారు.

• 6 మిల్లీమీటర్ల లోపు, అంటే కందిగింజ కంటే చిన్నది: పొగ అలవాటు లాంటి ముప్పు లేనివాళ్లకి మళ్లీ స్కాన్ అక్కర్లేదు. ముప్పు ఉన్నవాళ్లకి 12 నెలలకి ఒకసారి చూడవచ్చు.
• 6 నుంచి 8 మిల్లీమీటర్లు, శనగగింజ లోపు: 6 నుంచి 12 నెలల మధ్య ఒక స్కాన్. తరవాత 18 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి అవసరమో కాదో డాక్టరు చెబుతారు.
• 8 మిల్లీమీటర్లు దాటితే: 3 నెలలకి స్కాన్, లేదా పెట్ స్కాన్, లేదా ముక్క తీసి పరీక్ష. మనిషిని బట్టి, మచ్చ ఆకారాన్ని బట్టి డాక్టరు ఎంచుకుంటారు.

గట్టి మచ్చ రెండేళ్లపాటు ఒకే కొలతలో ఉంటే దాదాపుగా నిశ్చింతే.

ఇంకో రకం ఉంది. రిపోర్టులో "గ్రౌండ్ గ్లాస్" అని రాస్తారు. గరుకు అద్దంలోంచి చూసినట్టు మసకగా ఉంటుంది. ఇది నిమ్ము అయితే పోతుంది. పోకుండా నిలబడితే చాలా నెమ్మదిగా పెరిగే రకం కావచ్చు. అందుకే 6 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే 6 నుంచి 12 నెలలకి ఒకసారి చూసి, ఉన్నట్టయితే రెండేళ్లకోసారి చొప్పున ఐదేళ్ల వరకు గమనిస్తారు. మసక మధ్యలో గట్టి భాగం కూడా ఉంటే ఇంకా దగ్గరగా చూస్తారు, మొదటి స్కాన్ 3 నుంచి 6 నెలల్లోనే.

కొలత ఒక్కటే కాదు, ఇంకొన్ని కూడా లెక్కలోకి వస్తాయి. వయసు, పొగ అలవాటు, ఇంట్లో ఎవరికైనా ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉందా, మచ్చ పైభాగంలో ఉందా, అంచులు నున్నగా ఉన్నాయా, ముళ్లలాగా ఉన్నాయా. "స్పిక్యులేటెడ్" అని రాస్తే అంచులు ముళ్లలాగా ఉన్నాయని. ఆ మాట కనపడితే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.

"ఇన్ని స్కాన్లు తీస్తే రేడియేషన్ తగలదా?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. గమనించడానికి తీసే స్కాన్ తక్కువ మోతాదుది చాలు. అందులో పడే రేడియేషన్, ఏడాది పొడవునా మట్టి నుంచీ ఆకాశం నుంచీ మనందరి మీదా పడే సహజ రేడియేషన్‌లో సుమారు సగం. రంగు ఇంజెక్షన్ కూడా మామూలుగా అవసరం ఉండదు. "తక్కువ మోతాదు స్కాన్ సరిపోతుందా అండీ?" అని అడగండి. గర్భం ఉన్నా, ఉందన్న అనుమానం ఉన్నా ముందే చెప్పండి.

పెట్ స్కాన్, ముక్క పరీక్ష

పెట్ స్కాన్ అంటే చక్కెర లాంటి మందు ఎక్కించి, దాన్ని ఎక్కడ ఎక్కువగా పీల్చుకుంటోందో చూడటం. క్యాన్సర్ ఎక్కువగా పీల్చుకుంటుంది. కానీ టీబీ కూడా పీల్చుకుంటుంది. కాబట్టి పెట్ స్కాన్‌లో వెలిగినంత మాత్రాన క్యాన్సర్ అని తేలినట్టు కాదు. మరీ చిన్న మచ్చల్లో, 8 మిల్లీమీటర్ల లోపు వాటిలో, ఇది నమ్మకంగా చెప్పలేదు కూడా. ఖాయంగా చెప్పేది ముక్క పరీక్షే. స్కాన్ చూస్తూ సూదితో తీస్తారు, లేదా గొట్టం వేసి తీస్తారు.

"సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది" అని ఊళ్లో ఒక మాట ఉంది. ఆ భయంతో పరీక్షే మానేయటం తప్పు. సూది పరీక్షలో జాగ్రత్త పడాల్సింది వేరే ఉంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరటం, కొంచెం రక్తం పడటం జరగవచ్చు. అందుకే ఆసుపత్రిలో కొన్ని గంటలు కనిపెట్టుకుని ఉంచి పంపుతారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి.

ఎదురుచూడకూడని లక్షణాలు

డాక్టరు ఆరు నెలల గడువు ఇచ్చినా ఈ లోపల ఇవి కనపడితే గడువు చూసుకోకండి, వెంటనే వెళ్లండి.

• గళ్లలో రక్తం
• రెండు వారాలు దాటిన దగ్గు, లేదా ఎప్పుడూ ఉండే దగ్గు తీరు మారటం
• కారణం లేకుండా బరువు తగ్గటం, ఆకలి పోవటం
• కొత్తగా ఆయాసం, ఛాతీలోనో భుజంలోనో తగ్గని నొప్పి
• గొంతు బొంగురుపోయి మళ్లీ రాకపోవటం
• రాత్రిళ్లు చెమటలు, సాయంత్రం జ్వరం

పథకం ఏం చేస్తుంది, ఏం చేయదు

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. మీ నోట ఇంకా ఆరోగ్యశ్రీ అనే వస్తుంది, ఫరవాలేదు. 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 25 లక్షల రూపాయల వరకు పరిమితి పెంచారు.

మచ్చ క్యాన్సర్ అని తేలితే ఆపరేషన్, కీమో మందులు, రేడియేషన్ చికిత్స పథకం జాబితాలో ఉన్నాయి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేరితే రిపోర్టులు వాళ్లే ఆన్‌లైన్‌లో పంపి అనుమతి తెచ్చుకుంటారు. మీరు కార్డు, ఆధార్ ఇస్తే చాలు. డిశ్చార్జ్ తరవాత 10 రోజుల మందులు కూడా ఇవ్వాలి. అనుమతి ఉన్న చికిత్సకి ఎవరూ మీ దగ్గర డబ్బు అడగకూడదు. అడిగితే అక్కడే ఉన్న వైద్యమిత్రకి చెప్పండి, లేదా 104కి ఫోన్ చేయండి.

ఇప్పుడు చేదు నిజం. ఇది నగదు లేకుండా చికిత్స చేసే పథకం, ఖర్చు పెట్టుకుని బిల్లు తెస్తే తిరిగి ఇచ్చేది కాదు. మీ అంతట మీరు ప్రైవేటు స్కాన్ సెంటర్‌కి వెళ్లి తీయించుకున్న స్కాన్ డబ్బులు తరవాత రావు. మచ్చను గమనించే రోజుల్లో మీరు ఆసుపత్రిలో చేరరు, వచ్చి స్కాన్ తీయించుకుని వెళ్తారు. చాలామంది ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. "ఒంట్లో బాగానే ఉంది, మళ్లీ వేలు ఎందుకు తగలేయటం" అనిపిస్తుంది. అందుకని స్కాన్‌కి ముందే అడగండి. ముందు మీ ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనో, పీహెచ్‌సీలోనో రిపోర్టు చూపించి పెద్దాసుపత్రికి చీటీ రాయించుకోండి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఛాతీ విభాగం, సీటీ స్కాన్ ఉన్నాయి. ముమ్మిడివరం, ఎదుర్లంక వారధి, యానాం మీదుగా వెళ్లొచ్చు. క్యాన్సర్ అనుమానం బలంగా ఉంటే విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఎక్కడికి వెళ్లినా వైద్యమిత్రను అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఈ స్కాన్‌కి నా చేతి నుంచి ఎంత పడుతుంది?"

ఇంటింటికీ వచ్చి చేసే క్యాన్సర్ సర్వే గురించీ ఒక మాట. అందులో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం చూస్తారు. ఊపిరితిత్తిలో మచ్చ ఇంటి దగ్గర చూస్తే తెలిసేది కాదు. సర్వేలో ఏం లేదన్నారని పాత స్కాన్ రిపోర్టు పక్కన పడేయకండి.

ఫిల్మే మీ సాక్ష్యం

కొత్త స్కాన్‌ని దేనితో పోలుస్తారు? పాత స్కాన్‌తో. పాతది లేకపోతే మళ్లీ మొదటి బులెటిన్ దగ్గర నుంచే లెక్క మొదలు. ఐదేళ్ల కిందటి ఎక్స్‌రేలో కూడా అదే మచ్చ అదే కొలతలో ఉందని చూపించగలిగితే కొన్నిసార్లు కొత్త పరీక్షలే అక్కర్లేకుండా పోతాయి. ఆ కువైట్ చెల్లెలి దగ్గర పాత ఫిల్ము ఉండి ఉంటే ఎంత ఊరట ఉండేదో ఆలోచించండి.

అందుకని ఫిల్ము, సీడీ, రిపోర్టు మూడూ అడిగి తీసుకోండి. మన ఉప్పుగాలికి, చెమ్మకి ఫిల్ములు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తుఫాను హెచ్చరిక వస్తే ముందుగా చేతిలోకి తీసుకునే సంచీలో, పట్టాదారు పాసు పుస్తకం పక్కన పెట్టండి. రిపోర్టు ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. కవరు మీద పెద్ద అక్షరాలతో మళ్లీ స్కాన్ ఎప్పుడో నెల, సంవత్సరం రాయండి. ఇంట్లో గోడ క్యాలెండరు మీద కూడా రాయండి. ఆశా అక్కకి ఆ తేదీ చెప్పండి. టీకా తేదీ గుర్తుచేసినట్టే దీన్నీ గుర్తుచేయమని అడగండి. వీలైనంత వరకు ఒకేచోట స్కాన్ తీయించుకుంటే పోల్చటం తేలిక.

పొగ గురించి

మచ్చ ఉన్నా లేకపోయినా మన చేతిలో ఉన్న పని ఇది ఒక్కటే. బీడీ, చుట్ట, సిగరెట్ మానటం. "ఇప్పుడు మానితే ఏం లాభం, జరగాల్సింది జరిగిపోయింది" అంటారు పెద్దవాళ్లు. లాభం ఉంది. మానిన ఏడాది నుంచీ ముప్పు తగ్గుతూ వస్తుంది. ఆపరేషన్ కావాల్సి వస్తే మానేసినవాళ్లు త్వరగా కోలుకుంటారు. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కి ఫోన్ చేయండి, డబ్బు పడదు. ఆడవాళ్లకి ఇంకో పొగ ఉంది. డొక్కలు, కమ్మలు పెట్టి మూసిన వంటింట్లో పొయ్యి ఊదటం. గ్యాసు ఉన్నా నీళ్లు కాచడానికి కట్టెల పొయ్యి తప్పదంటే దాన్ని ఆరుబయటకి మార్చండి.

ఇంటికెళ్లి చేయాల్సిన పని

సభ అయిపోగానే ఒక్క పని చేయండి. గత ఐదారేళ్లలో ఇంట్లో ఎవరికైనా ఛాతీ స్కాన్ గానీ ఎక్స్‌రే గానీ తీసి ఉంటే ఆ కవరు బయటకి తీయండి. కోవిడ్ నాటిదైనా సరే. రిపోర్టు చివరి వరుస వరకు చదివించండి. చదువుకున్న పిల్లలతో చదివించి ఊరుకోకండి, నేనూ చదువుకున్నవాణ్ణే. ఏఎన్ఎమ్‌కో, క్లినిక్‌లో ఉండే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌కో చూపించండి. నాడ్యూల్ అనే మాట ఉంటే నాలుగు ప్రశ్నలు రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

1. కొలత ఎంత? గట్టిదా, మసకదా, సున్నం పట్టిందా?
2. నా వయసుకి, నా అలవాట్లకి ముప్పు ఎంత?
3. మళ్లీ స్కాన్ ఏ నెలలో? తక్కువ మోతాదుది చాలా?
4. పాత ఫిల్ముతో పోల్చి చూశారా?

ఫోన్‌లో దాచుకోవాల్సిన నంబర్లు: వైద్య సేవ సమాచారానికి, ఫిర్యాదుకి 104. అంబులెన్సుకి 108. టీబీ సలహాకి 1800-11-6666. పొగ మానడానికి 1800-11-2356.

మా అత్తయ్య ఇప్పటికీ ఆ పాత రిపోర్టు పారేయలేదు. మొన్న వెళ్లినప్పుడు ఆ చివరి రెండు వరుసలు మళ్లీ చదివాను. చదవడానికి అర నిమిషం పట్టింది. మీ ఇంట్లో కవరు ఉంటే ఆ అర నిమిషం ఇవాళే కేటాయించండి. మంచిదే తేలితే నిశ్చింతగా పడుకుంటారు. గమనించాలని తేలితే తేదీ రాసుకుంటారు. రెండూ మంచివే.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. పక్క బల్ల దగ్గర వైద్యమిత్ర ఉన్నారు, రిపోర్టులు తెచ్చినవాళ్లు ముందుగా వారికి చూపించండి.